సంచిలో వైర్లున్నాయి

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడైనా వాన మాత్రం మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దాకా వచ్చి కుమ్మేసింది. వరి పనలు నీళ్లలో తేలాయి. మిరప చేలల్లో సాళ్ల వెంట నీళ్లు నిలిచాయి. మిరప రైతుకు అప్పటికే ఒక భయం ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోతే, చేలు పీకి పారేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. అందుకే మబ్బు విడగానే అందరికీ ఒకేసారి మందు కొట్టాలి. ఆ బురదలో వీపున పంపు వేసుకుని దిగే మనిషి దొరకడు. డ్రోన్ కావాలి. మా సర్వీసు సెంటర్‌లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

నేను అక్కడ సీనియర్ టెక్నీషియన్ని. ఖమ్మంలో ఐటీఐ, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేసింది, విడిభాగాలకు మాత్రం అడ్డు చెప్పలేదు. దాంతో భాగాలు తెప్పించి ఇక్కడే బిగించే కంపెనీలు పెరిగాయి. నాలాంటివాళ్లకు ఉద్యోగాలు వచ్చింది ఆ దెబ్బతోనే. పైలట్ ఎగరేస్తాడు, పేపర్లో ఫొటో పడుతుంది. మా పని అంతకు ముందే అయిపోతుంది. ఆరు చేతులు, ఆరు మోటార్లు. మోటారుకు నాలుగు బోల్టులు, బోల్టు బోల్టుకూ థ్రెడ్ లాక్ చుక్క. ఒక మోటారు కుడికి తిరిగితే పక్కది ఎడమకు తిరగాలి. ప్రాప్‌లు పెట్టకుండానే ఒక్కోదాన్నీ తిప్పి, కాగితం ముక్క ఆనించి ఎటు తోస్తుందో చూస్తాం. అది తేలాకే ప్రాప్‌లు. ముప్ఫై అంగుళాల ప్రాప్ కొస గంటకు 400 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. వేలు అడ్డం వస్తే అంతే. ఆ తర్వాత ట్యాంకులో నీళ్లు పోసి, నేలలో మేకులు దిగ్గొట్టి, తాళ్లతో కట్టి లేపుతాం. నిండు బరువు 25 కిలోలు దాటకూడదు, దాటితే రూల్స్‌లో వేరే తరగతి కిందికి పోతుంది, కాగితాలు మారిపోతాయి. ఇదంతా అయ్యాక తాళ్లు విప్పి హోవర్ టెస్ట్. లాగ్ దించుకుని చదవడం నా పని. ఆ గీతలు చదవడం వచ్చినందుకే నాకు 'సీనియర్' అని పేరు ముందు తగిలించారు.

ఆ వారం వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి తాలిపేరు అవతల నుంచి. ఊరి పేరు రాయను. కౌలుకు మిరప వేసిన రైతు, అప్పు మీద కొన్న పది లీటర్ల మిషన్. "లేపగానే గానుగెద్దులా తిరుగుతోంది సార్, చేను మీద నిలబడట్లేదు" అన్నాడు.

గుండ్రంగా తిరుగుతోందంటే నూటికి తొంభై పాళ్లు కంపాస్ గొడవే. ఆ ప్రాంతంలో అందరూ చెప్పే మాట ఒకటుంది, నేలలో ఇనుము ఉంది కాబట్టి ఇక్కడ మిషన్లు పిచ్చిగా తిరుగుతాయని. బయ్యారంలో ఇనుప ఖనిజం ఉన్న మాట నిజమే. కానీ ఎక్కడో బయ్యారం ఇనుము చర్ల దారిలో డ్రోన్‌ను తిప్పదు. తిప్పేది సాధారణంగా మనం బిగించిన వైరే. ఈ మిషన్‌కు డీలర్ బ్యాటరీ వైర్లు పొడిగించాడు. కవర్ కింద అవి ఎలా వెళ్లాయో విప్పితేగానీ తెలియదు, విప్పితే వారంటీ పోతుందని కవర్ మీద సీలు. కొత్త వైరింగ్ సెట్ పంపమని ఆఫీసుకు ఫోన్ చేశాను. స్టాకు లేదు, అక్కడికే వెళ్లి కంపాస్ కాలిబ్రేట్ చేసి ఇచ్చెయ్ అన్నారు. కనీసం పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి వెళ్దామన్నాను. డిజిటల్ స్కై మ్యాప్‌లో అది గ్రీన్ జోన్, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 400 అడుగుల లోపు అనుమతే అక్కర్లేదు అని జవాబు. నిజమే, ఆ రోజు మ్యాప్‌లో పచ్చగానే ఉంది. ఆ మ్యాప్‌లో విమానాశ్రయాలకు రంగుంది, దేశ సరిహద్దుకు రంగుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఏ రంగూ లేదు. ఏటా డిసెంబరు 2 నుంచి 8 దాకా మావోయిస్టుల పీఎల్‌జీఏ వారోత్సవాలు జరిగేవి, ఆ రోజుల్లో భద్రాచలం దాటితే అడుగడుగునా తనిఖీలే. "వారోత్సవాలు అయిపోయాయిగా, ఇంకేం భయం" అన్నాడు మేనేజరు. హైదరాబాద్‌లో కూర్చుని అన్నాడు.

నేనూ, సత్తుపల్లి కుర్రాడు మా పైలటూ వెళ్లాం. ట్యాంకును బోరు దగ్గర మూడుసార్లు కడిగాను. కాలిబ్రేషన్ చక్కగా పాసయింది. ఖాళీ ట్యాంకుతో మూడు మీటర్ల ఎత్తులో కదలకుండా నిలబడింది. పది లీటర్ల మంచినీళ్లు పోసి లేపాం. బరువు పెరిగింది, మోటార్లు లాగే కరెంటు డెబ్భై ఎనభై ఆంపియర్లకు పోయింది. తిరగడం మొదలైంది. మొదట మంచమంత సున్నా. తర్వాత కళ్లమంత. పైలట్ కంగారుపడి రిటర్న్ హోమ్ నొక్కాడు. అలాంటప్పుడు ఎవరైనా అదే నొక్కుతారు. కానీ తాను ఎటు చూస్తోందో మిషన్‌కే తెలియనప్పుడు ఇంటికి రమ్మంటే అది ఇంటికి వీపు చూపించి పోతుంది. తప్పు దిక్కుకు పోతున్నానని జీపీఎస్ చెప్పేకొద్దీ అదే దిక్కుకు ఇంకా గట్టిగా తోస్తుంది. మిరప చేను దాటింది, వాగు దాటింది, చెట్ల మీదికి పోయింది. స్క్రీన్ మీద అంకెలు కాసేపు మారి ఆగిపోయాయి. సిగ్నల్ పోయింది.

బ్యాటరీ అయిపోవచ్చాక అది ఉన్నచోటే కిందికి దిగుతుంది. ఎటు పోయిందో, ఎంత వేగంతో పోయిందో తెలుసు కాబట్టి ఎక్కడ దిగి ఉంటుందో లెక్క కట్టొచ్చు. అడవిలో, మరీ దూరం కాదు. ఆఫీసుకు చెప్పాను. "మిషన్ లేకుండా రావద్దు" అన్నారు. రైతు మాత్రం, "పొద్దు వాలింది తమ్ముడూ, రేపు సర్పంచ్‌ను తీసుకుని పోదాం" అన్నాడు. ఆ మిషన్ మీద అతని అప్పు ఉంది, అయినా ఆ మాటన్నది అతనే.

మిరప పనికి వచ్చిన ఒక కోయ కుర్రాడు దారి చూపిస్తానన్నాడు. అడవిలోకి అడుగు పెట్టాక అతను వెనక్కి తిరిగి ఒకే మాట చెప్పాడు, "నేను కాలు పెట్టిన చోటే పెట్టు అన్నా." ఎందుకని మేం అడగలేదు. ప్రెషర్ బాంబుల సంగతి ఆ మండలాల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 జూన్‌లో, పక్కనే ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెలకు వెళ్లిన మనిషి అలాంటిదే పేలి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ కుర్రాడి మడమలే కళ్ల ముందు కనపడ్డాయి. ఆ సాయంత్రమంతా నేను చూసింది వాటినే.

మిషన్ దొరికింది. అప్పటికే అది ఊళ్లో ఉంది. పదీ పన్నెండు గుడిసెల ఊరు, అవతలి రాష్ట్రం నుంచి వచ్చి పోడు కొట్టుకుని బతుకుతున్నవాళ్లు. ఒక చేయి విరిగిన డ్రోన్‌ను తాడు కట్టి లాక్కొచ్చి ఊరి చివర చింతచెట్టు కింద పెట్టారు. ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు. మమ్మల్ని చూడగానే చుట్టూ చేరారు. ఆడవాళ్లు పిల్లల్ని గుడిసెల్లోకి తోశారు.

అక్కడ డ్రోన్ అంటే ఏమిటో మాకు తట్టాల్సింది. సరిహద్దు అవతల బీజాపూర్, సుక్మా అడవుల్లో తమ ఊళ్ల పక్కన డ్రోన్లతో బాంబులు వేశారని 2021 నుంచి ఆదివాసీలు చెబుతూ వస్తున్నారు. పోలీసులు కాదన్నారు. ఏది నిజమో తేల్చేవాణ్ని నేను కాదు. ఆ చింతచెట్టు కింద నిలబడ్డవాళ్లకు మాత్రం అక్కడ చుట్టాలున్నారు. వాళ్ల నెత్తి మీదికి ఆరు రెక్కలది ఒకటి, పొట్ట కింద డబ్బాతో, గీ అని అరుస్తూ వచ్చి పడింది.

పెద్దాయన ఒకరు కోయలో అడిగారు. కుర్రాడు తెలుగులో చెప్పాడు, "డబ్బాలో ఏముంది అంటున్నాడు తాత." నీళ్లన్నాను. మిరపకు మందు కొట్టే మిషన్ అన్నాను. ఆయన తలూపి, లోపలి నుంచి అల్యూమినియం గ్లాసు తెప్పించి ట్యాంకు పక్కన పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అర్థమైంది.

ట్యాంకును మూడుసార్లు కడిగింది నేనే. కానీ పంపులో, పైపు వంపుల్లో, నాజిల్ ఫిల్టర్‌లో పాతది ఎంతో కొంత ఉంటుందని కూడా నాకే తెలుసు. రైతు కొట్టిన మందు డబ్బా షెడ్డులో చూశాను, దాని మీద నీలం త్రికోణం. ఎరుపు కాదు, పసుపు కాదు, అదే ధైర్యం. మూత తీసి నేరుగా ట్యాంకు పైనుంచి ముంచుకున్నాను, పైపు జోలికి పోకుండా. గ్లాసులో మందు వాసన. తాగాను. సగం కాదు, మొత్తం. పెద్దాయన గ్లాసు తీసుకుని నేల మీద బోర్లించి, మట్టితో తోమి, పక్కన పెట్టించారు. రాత్రంతా నాలుక తిమ్మిరిగా ఉంది. మందుకో భయానికో చెప్పలేను. తెల్లవారుజామున రెండుసార్లు కక్కుకున్నాను.

వదల్లేదు, అలాగని కట్టెయ్యనూ లేదు. నెగడు దగ్గర కూర్చోబెట్టారు. జొన్న గటక పెట్టారు, పైలట్ తిన్నాడు, నా వల్ల కాలేదు. రాత్రి పెద్దాయన అడిగిన ప్రశ్నలు రెండే. ఒకటి, ఇందులో మమ్మల్ని చూసే కన్ను ఉందా అని. ముందు భాగంలో చిన్న కెమెరా ఉంది, పైలట్‌కు దారి కనిపించడానికి. ఉందని చెప్పాను. లేదంటే తర్వాత విప్పి చూసినప్పుడు ఏమయ్యేదో. రెండోది, "ఇది వాగు మీదుగా వచ్చింది, ఆ నీళ్లు తాగొచ్చా?" ఇవాళ ట్యాంకులో ఉన్నవి నీళ్లే, పంపు ఆపే ఉంది, తాగొచ్చన్నాను. "మరి రోజూ కొట్టేటప్పుడు?" అన్నారు.

దానికి నా దగ్గరున్న జవాబు లెక్కలే. చేను మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో కొట్టాలి, గాలి ఎక్కువుంటే కొట్టకూడదు, నీటి వనరుకు దూరం పాటించాలి. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన పిచికారీ నిబంధనల్లో పంచాయతీకీ, వ్యవసాయాధికారికీ ముందుగా చెప్పాలని కూడా ఉంది. ఆ మిరప చేను గట్టు నుంచి వాగుకు పట్టుమని ఇరవై అడుగులు లేవు. అదేమీ ఆయనకు చెప్పలేదు. నీలం త్రికోణం సంగతీ చెప్పలేదు. గాలి లేనప్పుడు కొడతారన్నాను. ఆయన నెగడులోకి ఒక కట్టె తోసి మాట్లాడడం మానేశారు.

తెల్లారాక మిషన్ తీసుకుపొమ్మన్నారు. చేతులు మడిచి, బ్యాటరీలు విప్పి సంచిలో పెట్టుకుని, ఫ్రేమును కర్రకు కట్టి ముగ్గురం మోసుకుంటూ వచ్చాం. తారురోడ్డు కనిపించింది. రోడ్డు మీద పోలీసు పార్టీ కనిపించింది.

పైలట్‌ను అడిగారు. ఫోన్లో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ చూపించాడు, డీజీసీఏ పేరుంది. మిషన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. రైతు దగ్గర బిల్లుంది. ఇక నా వంతు. నా సంచి రోడ్డు మీద కుమ్మరించారు. ఎరుపు వైరు చుట్ట, నలుపు వైరు చుట్ట. సోల్డరింగ్ ఐరన్. రెండు లిపో బ్యాటరీలు. ఒక రేడియో రిసీవర్. వస్తువు జారవిడిచే చిన్న సర్వో మోటారు, అది వేరే కస్టమర్‌ది, మందుల డెలివరీ ప్రయోగం కోసం అడిగాడు. ఇన్సులేషన్ టేపు. మల్టీమీటర్. మందుపాతరలు పెట్టే ఊళ్ల మధ్య, అడవిలో రాత్రి గడిపి వస్తున్న మనిషి సంచిలో ఇవి. ఎస్‌ఐ వాటిని చూసి నా మొహం చూశాడు. ఆయన స్థానంలో ఉంటే నేనైనా అలాగే చూసేవాణ్ని, ఆ మాట ఒప్పుకోవాలి.

"నీ లైసెన్సేదిరా?"

లేదు. అలాంటిది దేశంలోనే లేదు. విమానాన్ని రిపేరు చేసి సంతకం పెట్టాలంటే మెయింటెనెన్స్ ఇంజినీరుకు లైసెన్సు ఉండాలి. డ్రోన్ ఎగరేసేవాడికి సర్టిఫికెట్ ఉంది. బిగించేవాడికి, టెస్టు చేసేవాడికి డ్రోన్ రూల్స్ ఏ కాగితమూ ఇవ్వవు. ఈ మాట స్టేషన్‌లో చెబితే తెలివి చూపిస్తున్నావా అన్నారు. కొట్టలేదని రాస్తే అబద్ధం అవుతుంది, కొట్టారని రాసేంతా కాదు. మెడ మీద ఒకటి పడింది. దానికన్నా కష్టం, ఒకే ప్రశ్నకు ఒకే జవాబు మనిషి మారినప్పుడల్లా మళ్లీ చెప్పడం. ఈ వైరు దేనికి, ఈ మోటారు ఏం జారవిడుస్తుంది, ఊళ్లో ఎవరెవరున్నారు, పేర్లేమిటి. పేర్లు నాకు తెలియవు. అడగలేదు కాబట్టి నిజంగానే తెలియవు. పైలట్‌ను మధ్యాహ్నానికి బయట బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నాకు అర్ధరాత్రి దాటినా ప్రశ్నలే. నీళ్లు అడిగితే ఇచ్చారు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే మళ్లీ కక్కొచ్చింది.

మర్నాడు బాంబు స్క్వాడ్ వచ్చింది. వాళ్లలో ఒకాయన డ్రోన్లు తెలిసినవాడు, "లాగ్ తియ్" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపొచ్చినంత పనయింది. లాప్‌టాప్ తెరిచి రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను. ఒకటి బ్యాటరీ నుంచి పోయే కరెంటు, ఇంకోటి కంపాస్ కొలిచిన అయస్కాంత బలం. రెండోది భూమిది కాబట్టి కదలకుండా ఉండాలి. ఇక్కడ కరెంటు లేచినప్పుడల్లా అదీ లేస్తోంది, దిగినప్పుడల్లా దిగుతోంది. ఆయన వేలితో గీత వెంట పోయి, "కవర్ ఊడదీద్దాం" అన్నాడు. సీలు కోశాం. వారంటీ పోయింది. లోపల డీలర్ పొడిగించిన ఎర్ర వైరు ఫ్రేముకు ఒక పక్క నుంచి, నల్ల వైరు ఇంకో పక్క నుంచి వెళ్లి, సరిగ్గా జీపీఎస్ కంబం కింద కలుస్తున్నాయి. రెండూ పెనవేసి తీసుకెళ్తే వాటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. విడదీస్తే ఆ ఎనభై ఆంపియర్లూ కంపాస్‌కు భూమి కన్నా గట్టిగా వినిపిస్తాయి. నేల మీద కాలిబ్రేట్ చేసినప్పుడు మోటార్లు తిరగవు, కరెంటు పోదు, తప్పు కనిపించదు. ఆయన దాన్ని ఎస్‌ఐకి రెండు ముక్కల్లో చెప్పాడు. సాయంత్రానికి సంతకాలు పెట్టించుకుని నన్ను పంపించారు. లాప్‌టాప్, సంచి ఉంచేసుకున్నారు.

ఇంట్లో ఏం జరిగిందో బయటికొచ్చాక తెలిసింది. మా ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడల్లా అక్కడ నెట్‌వర్క్ ఉండదమ్మా, రేపొస్తాడు అన్నారట. నేను స్టేషన్‌లో ఉన్నానని మొదటిరోజు మధ్యాహ్నమే పైలట్ వాళ్లకు చెప్పాడు.

కానీ అందరికన్నా ఎక్కువ పడ్డది మేమిద్దరం కాదు, దారి చూపించిన కుర్రాడు. మమ్మల్ని పంపేశాక కూడా అతన్ని కూర్చోబెట్టారు. అతనికి మ్యాపు లేదు, లాగ్ లేదు, కోయా తెలుగూ తెలియడమే అతని నేరమైంది. కౌలు రైతు సర్పంచ్‌ను వెంటబెట్టుకుని రోజూ స్టేషన్ మెట్లెక్కితేగానీ వదల్లేదు. తర్వాత నేను కలవడానికి వెళ్తే మాట్లాడాడు, బాగానే మాట్లాడాడు, టీ కూడా తాగించాడు. డ్రోన్ పనికి మాత్రం రానన్నాడు. అతనికి ఏమైనా ఇవ్వాలని ఆఫీసుకు రాశాను. అతను మా ఉద్యోగి కాడు కదా అని తిరుగు జవాబు.

లాప్‌టాప్ మిరప కోతలు అయ్యాక వచ్చింది. సంచి వచ్చింది కానీ సర్వో మోటారు రాలేదు. రైతుకు డీలర్‌తో కొట్లాడి కొత్త వైరింగ్ ఇప్పించాను, విరిగిన చేయికి డబ్బు మాత్రం అతనే కట్టుకున్నాడు. వాగు వైపు ఆరు సాళ్లు డ్రోన్‌తో కొట్టొద్దని చెప్పాను. ఇప్పుడు ఆ సాళ్లకు చేతిపంపుతో కొట్టిస్తున్నాడు. మిగతా రైతులకు అలా చెప్పమని నాకు ఎవరూ జీతం ఇవ్వరు, అయినా చెబుతుంటాను, కొందరు వింటారు.

కంపెనీ ఒక సర్క్యులర్ పంపింది. సరిహద్దు మండలాల్లో సర్టిఫికెట్ ఉన్న పైలట్ లేకుండా టెస్ట్ ఫ్లైట్ చేయరాదు. చదివి నవ్వొచ్చింది. ఆ రోజు సర్టిఫికెట్ ఉన్న పైలట్ ఉన్నాడు, లేనిది నాకే. టెక్నీషియన్ అన్న మాటే అందులో లేదు. నేనే కూర్చుని తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి ఉత్తరం టైపు చేశాను. ఈ మనిషి ఫలానా, ఈ సంచిలో వస్తువులు ఇవి, ఒక్కోటి ఇందుకు, అనుమానం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. అప్పటి మేనేజరు ముద్ర వేశాడు, ఏడాది గడువు రాశాడు. ఇప్పుడు ఏ ఊరికెళ్లినా ముందు స్టేషన్‌లో అది చూపిస్తాను, తర్వాత ఊళ్లో ట్యాంకు విప్పి చూపిస్తాను. పూట పోతుంది, ఆ పూటకు టీఏ రాయరు. ఉత్తరం గడువు అయిపోయింది. కొత్త మేనేజరును ముద్ర అడిగితే మెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను. జవాబు రాలేదు, వచ్చే సోమవారం వెంకటాపురం వైపు రెండు మిషన్లు చూడాలి.